పేతాంగ్ తెచ్చిపెట్టుకున్న అన్నయ్య

మా ఊరు లిబోడ్‌లో ఇంటిపేర్లన్నీ 'ఆర్' అక్షరంతోనే మొదలవుతాయి. ఇందులో మా గొప్పేమీ లేదు. స్పెయిన్ దొరలు ఏలిన రోజుల్లో గవర్నరుగారికి మా వాళ్ళ పేర్లు చూస్తే తలనొప్పి వచ్చేదట. అన్నకో పేరు, తమ్ముడికో పేరు, పన్ను వసూలుకి వెళితే ఎవరు ఎవరి కొడుకో తేలేది కాదు. అందుకని ఇంటిపేర్ల పుస్తకం ఒకటి అచ్చేయించి, ఊరికి ఇన్ని పేజీలని పంచిపెట్టాడు. పక్క ఊరికి 'ఓ' పోయింది, ఆ పైఊరికి 'బి'. మాకు 'ఆర్' పేజీ దక్కింది. అప్పటినుంచీ మా బడిలో పిల్లల్ని అక్షర క్రమంలో నిలబడమంటే చాలు, మొదటి గంట కొట్లాటకే సరిపోతుంది.

ఈ ఆర్‌ల గుంపులో కూడా రిగుబాన్ల దారి వేరు. మిగతా ఇంటిపేర్లు మనీలాకి పోయాయి, ఓడలెక్కి దేశాలు పట్టుకు పోయాయి. రిగుబాన్లు మాత్రం మాయోన్ అగ్నిపర్వతం కనిపించే దూరం దాటి స్థిరపడలేదు. ఉన్నది మూడు వందల చిల్లర మంది, దాదాపు అందరూ మా ఊళ్ళోనే. పెర్పెతువా రిగుబాన్ ఒకసారి పని మీద మనీలా వెళ్ళి, టెలిఫోన్ డైరెక్టరీలో ఆర్ పేజీలన్నీ వేలు పెట్టి వెతికిందట. ఒక్క రిగుబాన్ కూడా దొరకలేదు. ఇంకొకరైతే బాధపడేవారు. ఆవిడ గర్వంతో బస్సెక్కి ఇంటికొచ్చింది.

ఈ పెర్పెతువానే ఊరంతా పేతాంగ్ అంటుంది. యాభై నాలుగేళ్ళు, పొట్టి మనిషి, ముక్కు మీద కోపం. బస్టాండు పక్కన పిలి పప్పుతో పాకం అచ్చులు చేసి అమ్ముతుంది. పిలి కాయ పెంకు రాయిలా ఉంటుంది, మొద్దు మీద నిలబెట్టి కత్తితో ఒకే దెబ్బ వేయాలి. రెండో దెబ్బ వేసేవాణ్ణి పేతాంగ్ తన కొట్లో పనికి పెట్టుకోదు. మనుషుల విషయంలోనూ ఆవిడ పద్ధతి అదే. ఒక్క మాటతో తేల్చేస్తుంది, రెండో మాట ఉండదు.

చుట్టరికాల గురించి ఆవిడ తేల్చేసిన మాట ఏమిటంటే, రిగుబాన్ అన్నవాళ్ళంతా ఒకే రక్తం. ఆ పేరు పేజీ నుంచి ఒకే ఒక్క మనిషికి వచ్చింది, ఆయన ఆనాటి ఊరిపెద్ద కపితాన్ గాస్పర్. ఆయనకి నలుగురు కొడుకులు. మూడేళ్ళకోసారి ఈస్టర్ వెళ్ళాక బడి ఆవరణలో చుట్టాలందరూ కలిసే పండగలో పెద్దకొడుకు సంతతి ఎర్ర చొక్కాలు వేసుకుంటారు, రెండోవాడివాళ్ళు పసుపు, మూడోవాడివాళ్ళు ఆకుపచ్చ, నాలుగోవాడివాళ్ళు నీలం. ఎవరికి ఏ రంగో చెప్పేది పేతాంగే. ఒకే రక్తం కాబట్టి రిగుబాన్ రిగుబాన్‌ని పెళ్ళి చేసుకోకూడదు, ఇది కూడా ఆవిడ చెప్పిందే.

ఊరికే చెప్పి ఊరుకునే రకం కాదు. ఆకుపచ్చ వాళ్ళ ఒఫేలియా కొడుకు పసుపు వాళ్ళ పిల్లని ఇష్టపడ్డాడు. ఇద్దరికీ చుట్టరికం కలపాలంటే ముత్తాతల్నీ వాళ్ళ తాతల్నీ లేపాలి. అయినా మగపెళ్ళివారు వండిన కుండలతో అమ్మాయి ఇంటికి మాట్లాడుకోవడానికి వెళ్ళిన రోజున, పిలవకుండానే పేతాంగ్ అక్కడికి వెళ్ళి కూర్చుంది. కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు కూర మూడు పళ్ళేలు తిని, చెయ్యి కడుక్కుని, "ఈ పెళ్ళి జరగదు" అని లేచింది. జరగలేదు. కుర్రాడు లెగాస్పీలో ఉద్యోగం చూసుకున్నాడు. పిల్ల ఊళ్ళోనే టీచరు. ఇద్దరూ ఇంకా అలాగే ఉన్నారు. ఒఫేలియా ఆ మూడు పళ్ళేలూ మర్చిపోలేదు.

పేతాంగ్ మాత్రం పెళ్ళెందుకు చేసుకోలేదంటే, దానికీ కారణం ఈ పేరే. పెళ్ళయితే మా దగ్గర ఆడదాని ఇంటిపేరు మధ్యలోకి జరిగిపోతుంది. పిల్లలకి మధ్యపేరుగా ఒక తరం నిలుస్తుంది, మనవల దగ్గరికి వచ్చేసరికి మాయం. వయసులో ఉన్నప్పుడు వచ్చిన సంబంధాలన్నిటికీ ఆవిడ ఇదే చెప్పి తలుపేసింది. పేరు కోసం మొగుణ్ణి వదులుకున్న మనిషిని మా ఊళ్ళో ఇంకొకరిని చూడలేదు.

అలాంటి పేతాంగ్ కొట్టుకి ఓ ఫిబ్రవరి పొద్దున ఎవరో కొత్త మనిషి వచ్చాడు. రొంబ్లోన్ దీవి నుంచి రైస్ మిల్లు ఇంజను బాగుచేయడానికి వచ్చిన మెకానిక్. యాభై ఎనిమిదేళ్ళుంటాయి, విశాలమైన భుజాలు, భార్య పోయి చాలా కాలమైంది. మిల్లు కుర్రాళ్ళకి రెండు పెట్టెల అచ్చులు కావాలన్నాడు, సాయంత్రం వచ్చి తీసుకుంటానన్నాడు.

"పెట్టె మీద ఏం పేరు రాయను?" అంది పేతాంగ్ తలెత్తకుండా.

"ఆనిసెతో అని రాయండి. ఆనిసెతో రిగుబాన్."

కత్తి మొద్దులో దిగబడి ఉండిపోయింది. "మా పేరు నీకెక్కడిదయ్యా?"

"మా అమ్మ ఇచ్చింది," అన్నాడు ఆనిసెతో, ఇందులో తను చేసిన తప్పేమిటో అర్థం కాక.

మాయోన్ బూడిద కురిసిన రోజున కూడా మూయని కొట్టు పేతాంగ్ ఆ రోజు మిట్టమధ్యాహ్నం కాకుండానే మూసేసింది. అతని మణికట్టు పట్టుకుని వీధిలోకి లాక్కుపోయింది. మొదట తన తండ్రి తమ్ముడు తెరియో ఇంటికి, ఊరంతా ఆయన్ని తీయో, అంటే బాబాయ్, అనే పిలుస్తుంది. ఆయనకి ఎనభై ఆరు, ఎర్ర చొక్కాలకే కాదు, మొత్తం వంశానికే పెద్ద. కళ్ళు మసక. ఆనిసెతో వంగి, పెద్దలకి దణ్ణం పెట్టే మా పద్ధతిలో ఆయన చేతిని నుదుటికి ఆనించుకుంటే, ముసలాయన ఆ చేత్తోనే అతని ముఖమంతా తడిమి, "ఈ ముక్కు మనదే," అన్నాడు. ఇక వరస పెట్టి ఇళ్ళు. ఒకరు అతని తుమ్ము విని కపితాన్ గాస్పర్ తుమ్మే అన్నారు, కపితాన్ తుమ్మగా విన్నవాళ్ళు ఎవరూ బతికి లేకపోయినా. ఒఫేలియా అతను కూర్చున్న తీరు చూసి పోయిన తన మామగారిని తలుచుకుని కళ్ళొత్తుకుంది. పేతాంగ్ అందరికంటే గట్టి సాక్ష్యం చెప్పింది.

"చెవులు చూడండి. మా నాన్న చెవులు. కోసి అతికించినట్టున్నాయి."

ప్రతి ఇంట్లోనూ పళ్ళెం పెట్టారు, ప్రతి ఇంట్లోనూ అతను తిన్నాడు. వద్దనలేదు, ఔననలేదు. చీకటి పడేసరికి ఆ మనిషి ఊరందరికీ మనోయ్ సెతోంగ్ అయిపోయాడు. మనోయ్ అంటే మా మాటలో అన్నయ్య. అందరికంటే ముందు ఆ పిలుపు పిలిచింది పేతాంగే, అదీ నడివీధిలో, అందరికీ వినపడేలా.

మనోయ్ సెతోంగ్ పగలు మిల్లులో ఉండేవాడు, పొద్దు వాలాక పేతాంగ్ కొట్టు ముందు బల్ల మీద ఉండేవాడు. చుట్టాల ఇళ్ళల్లో పంపులూ ఫ్యాన్లూ ఊరికే బాగుచేసిపెట్టాడు. పేతాంగ్ పొయ్యి మంట ఏళ్ళ తరబడి ఒక పక్కకే ఎగిసేది, దాన్ని సరిచేశాడు. పిలి కాయ కొట్టడం మాత్రం రాలేదు, ఒక్కో కాయకి నాలుగేసి దెబ్బలు. పేతాంగ్ చూసి ఊరుకుంది. ఆవిడ ఊరుకోవడం బస్టాండులో అందరూ గమనించారు.

ఇంజను సామాను కోసం సెతోంగ్ నాలుగు రోజులు నాగా అనే ఊరికి వెళ్ళాడు. ఆ నాలుగు రోజులూ పేతాంగ్ పాకం మాడింది. మంట బాగానే ఉంది, చెయ్యి బాగానే ఉంది, మనసే గిన్నెలో లేదు. మాడిన గిన్నె తోముతూ తోముతూ ఆవిడ తన సంగతి తనే గ్రహించింది. గ్రహించి, గిన్నె పక్కన పెట్టి, కొట్టు వెనక తలుపు దగ్గర కూలబడిపోయింది. ఒకే రక్తం అని అరిచింది తను. నాన్న చెవులని సాక్ష్యం చెప్పింది తను. ఊరు ఊరంతా తిప్పి ఆ మనిషిని తనకి అన్నయ్యని చేసింది తను. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో ఆ రోజు ఆవిడకి బాగా తెలిసొచ్చింది.

సెతోంగ్ తిరిగి వచ్చిన సాయంత్రం నుంచి ఆవిడ అతన్ని మనోయ్ అనడం మానేసింది. "ఇదిగో," అనేది. "ఇదిగో, మిమ్మల్నే," అనేది. ఆవిడ చెవులకి రింగులొచ్చాయి. ఒఫేలియాకి ఇంతకంటే ఏం కావాలి? అక్కని పిలిచే మా 'మనాయ్' పిలుపుతోనే మొదలుపెట్టింది.

"మనాయ్ పేతాంగ్, ఒంట్లో బాగాలేదా? పౌడరు రాసుకున్నావు."

"ఎండగా ఉంది."

"నాకూ ఎండగానే ఉంది. అయినా మంచి ఉపాయమే పట్టావులే అక్కా. పేరు మారకుండా పెళ్ళి చేసుకోవాలంటే ఈ లోకంలో ఉన్నది అతనొక్కడే. పాపం ఏం లాభం, అన్నయ్య అయిపోయాడు. ఎవరు చేశారో ఏమిటో."

పేతాంగ్ కత్తి ఎత్తి పిలి కాయ మీద వేసింది. రెండు దెబ్బలు పట్టింది.

మర్నాటి నుంచి పేతాంగ్ తను కట్టిన చుట్టరికాన్ని తనే విప్పడానికి బయల్దేరింది. ఇంటింటికీ వెళ్ళి కూర్చుని, ఏదో మాటల్లో పడి, "అవునూ, ఆ సెతోంగ్ తుమ్ము మన తుమ్ములా లేదేమో," అనేది. ఎవరూ వినలేదు. ఊరికే పంపులు బాగుచేసే చుట్టాన్ని ఎవరొదులుకుంటారు? తీయో తెరియోని కదిపి చూసింది.

"తీయో, మీకు కళ్ళు కనపడవు కదా. ముక్కు పొరపాటయి ఉండొచ్చు."

"కళ్ళు కనపడకపోతే ముక్కుల సంగతి ఇంకా బాగా తెలుస్తుందే పిల్లా. వేళ్ళతో చూశాను."

ఆఖరికి చర్చికి వెళ్ళి ఫాదర్‌ని అడిగింది, దూరపు చుట్టాలు పెళ్ళాడితే దేవుడికి అభ్యంతరమా అని. అంత దూరమైతే దేవుడికేమీ లేదన్నాడాయన. "అభ్యంతరం మీ ఇంటివాళ్ళది కదా అమ్మా. ఆ నియమం పెట్టిందెవరో వెళ్ళి వాళ్ళని అడగండి," అన్నాడు. ఆయన మా ఊరికి కొత్త. పేతాంగ్ మోకాళ్ళ మీద ఇంకాసేపు ఉండి లేచి వచ్చేసింది.

చుట్టాల పండగకి ముందు ఆదివారం బడి వసారాలో నాలుగు రంగుల పెద్దలూ కూర్చున్నారు. తేలాల్సింది ఒక్కటే, సెతోంగ్‌కి ఏ రంగు చొక్కా. రంగు పడిందంటే ఇక జన్మకి అన్నయ్యే. పేతాంగ్‌కి అది తెలుసు, అందుకే రాత్రంతా నిద్ర లేదు. సెతోంగ్ వెనక బెంచీలో కూర్చుని, ఎవరో పెట్టిన అన్నం తింటున్నాడు.

నీలం వాళ్ళు ముందు లేచారు. తాడు లాగే పోటీలో వాళ్ళు ఏనాడూ గెలవలేదు. "ఆ భుజాలు చూడండి. నాలుగో కొడుకు సంతతి భుజాలవి," అన్నాడు నీలం పెద్ద. పోయినసారి వరకూ నాలుగో కొడుకు సంతతికి భుజాలున్నట్టు ఎవరూ అనలేదు. పసుపు వాళ్ళు నడక మాదన్నారు. ఒఫేలియా కూర్చున్న తీరు ఆకుపచ్చదేనంది. ముక్కు చేజిక్కించుకున్న తీయో తెరియో ఎరుపు తప్ప ఒప్పుకోనన్నాడు.

పేతాంగ్ లేచి నిలబడింది. "ఏ రంగూ వద్దు. ఆయన మన చుట్టం కాదు."

వాదించుకుంటున్న పెద్దలందరూ ఆవిడ వైపు తిరిగారు.

"చుట్టం కాదా? మీ నాన్న చెవులన్నావు?" అంది ఒఫేలియా తీరిగ్గా.

"చెవులు అందరికీ ఉంటాయి."

"కోసి అతికించినట్టున్నాయన్నావు."

"అన్నాను. పొరపాటు పడ్డాను."

యాభై నాలుగేళ్ళలో ఆ మాట పేతాంగ్ నోట వినడం అందరికీ అదే మొదలు. నీలం పెద్ద తనకి సరిగా వినపడలేదేమోనని పక్కవాణ్ణి అడిగాడు. అయితే పేతాంగ్ చూస్తున్నది అతన్ని కాదు. వెనక బెంచీలో సెతోంగ్ పళ్ళెం కింద పెట్టేశాడు. మెల్లగా లేచి టోపీ చేతిలోకి తీసుకున్నాడు. తనని దక్కించుకోవడానికి ఆవిడ అన్న మాట అతనికి వెళ్ళగొట్టే మాటలా వినిపించిందని పేతాంగ్‌కి అప్పుడు అర్థమైంది.

"ఉండండర్రా," అన్నాడు తీయో తెరియో. "రెండు నెలల నుంచీ అందరం చెప్తున్నాం. అతన్ని ఎవరైనా అడిగారా? నువ్వు చెప్పు అబ్బాయ్. మీ తాత ఎవరు?"

"తెలీదండీ," అన్నాడు సెతోంగ్. "మా నాన్నెవరో కూడా తెలీదు. రొంబ్లోన్ రేవులో ఓ పడవ మీద గోనెగుడ్డలో దొరికానంట. ఓడలో వంటవాడి భార్య ఇంటికి తీసుకెళ్ళి పెంచింది. ఆయన పేరు రిగుబాన్. ఆయన ఎక్కణ్ణుంచి వచ్చాడో అమ్మకీ సరిగా తెలీదు, నాకు మాటలొచ్చే లోపే పోయాడు. ఈ చెవులు ఎవరివో, ఈ ముక్కు ఎవరిదో నాకు తెలీదండీ. మీరే చెప్పారు."

తుమ్ము గురించి సాక్ష్యం చెప్పినావిడ నేల చూపులు చూసింది. ఒఫేలియా తన మామగారి కోసం పెట్టిన కన్నీళ్ళు గుర్తొచ్చి గొంతు సవరించుకుంది.

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా?" అన్నాడు నీలం పెద్ద.

"చెప్దామనే అనుకున్నాను. ఏ ఇంటికెళ్ళినా నోట్లో అన్నమే. రాత్రి పడుకున్నాక అనుకున్నా, పొద్దున చెప్పాలి అని. అమ్మ పోయాక నాకు ఎవరూ లేరండి. నా భార్యా పోయింది, పిల్లల్లేరు. అలాంటిది ఒక్క రోజులో మూడు వందల మంది వచ్చారు. పొద్దున లేచాక చెప్పబుద్ధి కాలేదు. ఇంజను పనయ్యాక చెప్పి వెళ్ళిపోదామనుకున్నా."

"ఇంకా అవలేదుగా," అన్నాడు నీలం పెద్దే.

సెతోంగ్ తల దించుకున్నాడు. "అది మార్చిలోనే అయిపోయిందండీ. రోజూ సాయంత్రం ఒక బోల్టు వదులు చేసి వస్తున్నా."

"నా వడ్లు!" అంటూ పసుపు వాళ్ళలో ఒకాయన లేచాడు. "మూడు వారాలు బస్తాల్లో పడున్నాయి, అందుకా!" పక్కవాళ్ళు చొక్కా పట్టుకుని కూర్చోబెట్టారు, వాళ్ళకీ నవ్వాగలేదు.

సెతోంగ్ నవ్వలేదు. ముందుకొచ్చి వంగి తీయో తెరియో చేతిని నుదుటికి ఆనించుకున్నాడు. వచ్చిన రోజు ఎలా చేశాడో సెలవు తీసుకోవడానికీ అలాగే చేశాడు. ముసలాయన తన చేతిని వెనక్కి తీసుకోలేదు, అతని చేతినే గట్టిగా పట్టుకున్నాడు.

"చూడండర్రా. ఇతను రక్తం కాదని తేలింది. రంగు ఇవ్వడానికి లేదు. నా ముక్కు లెక్క తప్పింది, సరే. అయితే ఇతను లేకపోతే మా పంపు ఎవడు బాగుచేస్తాడు? నాకు రోజూ పొద్దున్నే వచ్చి పేపరు చదివి వినిపించేదెవరు? మీరెవరైనా చదువుతున్నారా? రక్తం కానివాణ్ణి ఇంట్లో ఉంచుకోవాలంటే నాకు తెలిసి ఒక్కటే దారి. మన పిల్లని ఎవరినైనా ఇచ్చి చెయ్యాలి. ఎవరు చేసుకుంటారో చెప్పండి."

వసారాలో అందరూ అటూ ఇటూ చూశారు, ఆఖరికి చూపులన్నీ ఒకే చోటికి వచ్చి ఆగాయి. పేతాంగ్ తన చెప్పుల వైపు చూసుకుంది. జీవితంలో ఎప్పుడూ తల దించుకోని మనిషి.

"ఒక్క నిమిషం," అంది ఒఫేలియా. "రిగుబాన్ రిగుబాన్‌ని చేసుకోకూడదని ఒక నియమం ఉందిగా. మా ఇంటి కూర మూడు పళ్ళేలు తిని మరీ చెప్పిన నియమం. అది ఇంకా ఉందా, పోయిందా?"

పేతాంగ్ ఆవిడ వైపు తిరిగింది. ఒఫేలియా ముఖంలో వెటకారం కనిపిస్తుందనుకుంది. వెటకారమేమీ లేదు, కొడుకు మీద బెంగ తప్ప.

"మీ వాడికి ఫోన్ చెయ్యి," అంది పేతాంగ్. "ఇవాళే చెయ్యి. ఈసారి వాళ్ళింటికి నేనూ వస్తాను, తిండికి కాదు. ఆ పిల్ల అమ్మానాన్నలతో నేనే మాట్లాడతాను."

ఒఫేలియా సంచీలోంచి ఫోన్ తీసుకుని వసారా బయటికి పరిగెత్తింది. ఈ పక్క పేతాంగ్ కొంగు లేకపోయినా కొంగు వెతుక్కున్నట్టు ఏప్రన్ అంచు పట్టుకుని, అందరి ముందూ నిలబడి చెప్పింది.

"నేను చేసుకుంటాను."

"చెవులు చూసి చెప్తున్నావా?" అన్నాడు తీయో తెరియో.

"లేదు తీయో. ఈసారి మనిషిని చూసి చెప్తున్నా."

"మరి అతన్నెవరైనా అడుగుతారా, మళ్ళీ మనమే తేల్చేద్దామా?"

అప్పుడు అందరూ సెతోంగ్ వైపు చూశారు. అతను పేతాంగ్‌ని చూస్తున్నాడు. రోజూ సాయంత్రం ఆ బోల్టు ఎవరి కోసం వదులు చేస్తున్నాడో అందరికీ ఆ చూపులోనే తెలిసిపోయింది. మూడు వందల మంది కోసమే అనుకున్నాడు పాపం, తన సంగతి తనకే తెలియలేదు. అయినా ఆ నోటి నుంచి వచ్చిన మొదటి మాట పెళ్ళి గురించి కాదు.

"చేసుకుంటే," అన్నాడు, "వీళ్ళంతా కూడా నాకు ఉంటారా?"

పేతాంగ్ అతని చేతిలోంచి టోపీ తీసుకుంది.

"వద్దన్నా పోరు," అంది. "కూర్చో. అన్నం సగంలో వదిలేశావు."